బాలధనము, దేవధనము: సంరక్షకుని చేయి ఎప్పుడు సడలవలెను?



గడచిన కార్తికమాసమున ఒక సాయంకాలము ఆకాశదీపారాధనము ముగించి ముఖమండపమున కూర్చుండియుండగా, పదునేడేండ్ల బాలుడొకడు వచ్చి నమస్కరించెను. వాని తల్లిదండ్రులు ఇరువురును గతించిరి. పినతండ్రి ఇంట పెరుగుచున్నాడు. కొంతసేపు తటపటాయించి ఇట్లడిగెను:

“గురువుగారూ, పదహారేళ్ళు నిండితే స్వతంత్రుడే అని శాస్త్రంలో ఉందట గదా. నాకు పదిహేడు. మా చిన్నాన్నగారి చేతికింద నుంచి నేను బయటికి రావచ్చా? నాన్నగారి పొలం నాకు అప్పగించమని అడగవచ్చా?”

ప్రశ్నలో కోపము లేదు, దుఃఖమున్నది. “నాయనా, తొందరపడి మాట చెప్పను. ఆదివారం అర్చన అయ్యాక రా” అని పంపితిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏలయనగా, ముప్పదియైదు సంవత్సరములకు పూర్వము ఆ ప్రశ్న నాది కూడ. శాస్త్రము ఏమి చెప్పినది, రాజశాసనము ఏమి చేసినది, ఈ రెంటి నడుమ తల్లిదండ్రులు లేని బిడ్డ గతి కాలక్రమమున ఎట్లు మారినది అను విషయమును నాకు తెలిసినంత మేర సజ్జనుల ముందుంచుచున్నాను.

శాస్త్రోక్తమైన పదునారేండ్లు

ధర్మశాస్త్రములలో ‘వ్యవహారము’ అనగా ఋణము తీసికొనుట, ఇచ్చుట, క్రయవిక్రయములు, సాక్ష్యము, దాయవిభాగము మొదలగు న్యాయసంబంధమైన కార్యములు. వాటికి అర్హుడైనవాడు ‘ప్రాప్తవ్యవహారుడు’, కానివాడు ‘అప్రాప్తవ్యవహారుడు’. నేడు మనము మేజరు, మైనరు అనుచున్న భేదమే ఇది.

నారదమహర్షి ఈ విషయమును స్పష్టముగా విభజించినాడు. ఎనిమిదవ సంవత్సరము వరకు శిశువు గర్భస్థునితో సమానుడు. పదునారవ సంవత్సరము వరకు బాలుడు. వానికే ‘పోగండుడు’ అని మరియొక పేరు. ఆ పిమ్మట వాడు వ్యవహారమును ఎరిగినవాడు. తల్లిదండ్రులు లేనిచో అప్పటి నుండి స్వతంత్రుడు. వారు జీవించియున్నచో, పుత్రుడు వృద్ధుడైనను అస్వతంత్రుడే.

ఈ వాక్యములలోని విశేషమును పలువురు గమనింపరు. తండ్రి నీడలో ఉన్నవానికి స్వాతంత్ర్యము ఆలస్యముగా వచ్చును. తండ్రి లేనివానికి పదునారేండ్లకే వచ్చును. అనాథబాలుని శాస్త్రము త్వరగా పెద్దవానిగా స్వీకరించినది. వానిపై నమ్మకముంచినది. అయితే ఆ వయస్సుకు పూర్వము వానిని రక్షించుటలో ఏమాత్రము సడలింపు చూపలేదు. తండ్రి లేనందున పేరుకు ‘స్వతంత్రుడు’ అయినను, వ్యవహారప్రాప్తి కాని బాలుడు ఋణమునకు బాధ్యుడు కాడని నారదుడే చెప్పినాడు. స్వాతంత్ర్యము వేరు, బాధ్యత వహింపగల సామర్థ్యము వేరు అను సూక్ష్మభేదము ఆనాడే స్ఫుటముగా ఉండెను.

పదునారు అనగా పదునారవ ఏడు ప్రవేశించుటయా, పూర్తి అగుటయా అను విషయమున నిబంధనకారులలో మతభేదము కలిగినది. వంగదేశీయులు పదునైదు నిండుటతోనే బాల్యము ముగిసెననిరి. కాశీ, మిథిలా, దక్షిణదేశముల సంప్రదాయము పదునారు నిండవలెనని చెప్పినది. దక్షిణాపథమున ప్రమాణముగా నిలిచినది కల్యాణ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర. దానిని పదుమూడవ శతాబ్దమున కేతన తెనిగించినందున, ధర్మనిర్ణయము సంస్కృతము రాని తెలుగు గృహస్థులకు కూడ అందుబాటులోనికి వచ్చినది.

కేశాంతసంస్కారమునకు బ్రాహ్మణునకు మనువు విధించినది కూడ పదునారవ ఏడే. సంస్కారమునకును వ్యవహారమునకును ఒకే వయస్సు విధింపబడినదనుట గమనింపదగినది.

ధనమును కాపాడుట, పెంచుట, అప్పగించుట

బాలుని ధనము ఎవరి చేతిలో ఉండవలెను? మనువు, గౌతముడు, వసిష్ఠుడు ఏకకంఠముగా ఆ భారమును రాజుపై ఉంచిరి. బాలుడు శైశవమును దాటువరకు, లేదా గురుకులము నుండి సమావర్తనము పొంది వచ్చువరకు వాని దాయధనమును రాజు రక్షింపవలెను. ఈ ‘లేదా’ అను మాట ముఖ్యమైనది. అవధులు రెండు: ఒకటి వయస్సు, రెండవది విద్యాసమాప్తి. ఏండ్లు నిండుట ఒక కొలత. జ్ఞానము పండుట మరియొక కొలత.

బౌధాయనుడు మరియొక అడుగు ముందుకు వేసినాడు. అప్రాప్తవ్యవహారుల భాగములను వృద్ధితో సహా భద్రపరచవలెనని ఆయన సూత్రము. మూలధనము పోకుండుట చాలదు. దానిపై వచ్చిన ఫలము కూడ బాలునకే చెందును. సంరక్షకుడు పదేండ్లు పొలము పండించి, మొదటినాటి పొలమును మాత్రమే తిరిగి ఇచ్చి “ధర్మము నెరవేర్చితిని” అనుకొన వీలు లేదు.

కౌటిల్యుడు ఆ పనిని గ్రామవృద్ధులకు అప్పగించినాడు. వ్యవహారప్రాప్తి వరకు బాలద్రవ్యమును గ్రామవృద్ధులు వృద్ధి చేయవలెనని చెప్పి, వెంటనే దేవద్రవ్యమును కూడ అట్లే చేయవలెనని చేర్చినాడు. ముప్పదియేండ్లుగా ఆలయమున సేవ చేయుచున్న నాకు ఆ చివరి మాట ఒక దీపము వంటిది. బాలుడు, దేవుడు ఇరువురును తమ ధనము గూర్చి తాము నోరు తెరచి అడుగలేరు. లెక్క చెప్పుమని నిలదీయలేరు. అందుచేత ఇరువురి ధనమును ముట్టువాని చేయి పరిశుద్ధముగా ఉండవలెను. అయితే ఒక భేదమున్నది. దేవుడు ఎన్నటికిని పెరిగి పెద్దవాడై తన లెక్క తాను చూచుకొనడు. బాలుడు పెరుగును. కనుక దేవధనమునకు సంరక్షణము నిత్యము. బాలధనమునకు సంరక్షణము సావధికము. ఆ అవధిని గుర్తించుటయే సంరక్షకుని ధర్మమునకు పరీక్ష.

ఇచట ఒక సత్యమును దాచరాదు. నారదుడు చెప్పిన స్వాతంత్ర్యము పుత్రుని ఉద్దేశించినది. కౌటిల్యుడు స్త్రీకి పండ్రెండు, పురుషునకు పదునారు ఏండ్లకు వ్యవహారప్రాప్తి అని చెప్పినను, స్మృతులు స్త్రీని తండ్రి, భర్త, పుత్రుల రక్షణలోనే నిలిపినవి. స్త్రీధనము పేరిట కొంత ఆస్తి ఆమెకు దక్కినను, సోదరునకు దొరకిన స్వాతంత్ర్యము అనాథయైన సోదరికి దొరకలేదు. ఆ లోపమును సరిదిద్దినది ఆధునికశాసనమే అని అంగీకరించుట మనకు గౌరవభంగము కాదు.

చేయి విడిచినవారు, విడువనివారు

ఇతిహాసమున ఇందుకు రెండు నిదర్శనములున్నవి. చిత్రాంగదుడు గతించిన పిమ్మట యౌవనము రాని విచిత్రవీర్యుని భీష్ముడు సింహాసనమున నిలిపి, సత్యవతి అనుమతితో రాజ్యమును పరిపాలించెను. బాలుడు పెరిగినకొలది వివాహము చేయ యత్నించెను. రాజ్యము తనదని ఒక్కనాడును అనలేదు. పాండురాజు గతించిన పిమ్మట పాండవులకు సంరక్షకుడైనవాడు ధృతరాష్ట్రుడు. ఆయన కూడ బిడ్డలను పోషించెను, విద్య చెప్పించెను. కాని అప్పగింపవలసిన సమయము వచ్చినప్పుడు చేయి సడలలేదు. లక్కయిల్లు, జూదము, వనవాసము, కురుక్షేత్రము అన్నియు ఆ సడలని పిడికిలి నుండి పుట్టినవే.

మన విజయనగర చరిత్ర కూడ ఇదే పాఠమును చెప్పుచున్నది. 1542లో అచ్యుతదేవరాయలు మరణింపగా బాలుడైన వేంకటుడు రాజయ్యెను. సంరక్షకుడైన మేనమామ సలకరాజు తిరుమలుడు ఆ బాలునే చంపించి సింహాసనమెక్కెను. ఆ దుర్మార్గుని ఓడించి అళియ రామరాయలు సదాశివరాయలకు పట్టముగట్టెను. అది రక్షణమే, కాని సదాశివరాయలు యుక్తవయస్కుడైన పిమ్మట కూడ అధికారము రామరాయల చేతిలోనే ఉండెను. శాసనములపై సదాశివరాయల నామము, పరిపాలనమున రామరాయల ఆజ్ఞ. ఈ స్థితి 1565లో రామరాయలు రణరంగమున పడువరకు సాగినది. ఒక సంరక్షకుడు బాలుని ప్రాణము తీసెను. మరియొకడు ప్రాణము కాపాడి స్వాతంత్ర్యమును మాత్రము ఇవ్వలేదు. రెండవ దోషము మొదటిదానివలె భయంకరము కాదు. కాని మన ఇండ్లలో తరచుగా కనబడునది రెండవదియే.

కుంఫిణీ కాలమున బాల్యము సాగుట

ఈస్ట్ ఇండియా కంపెనీ పాలన వచ్చిన పిమ్మట బాలధనరక్షణము అను రాజధర్మము ‘కోర్ట్ ఆఫ్ వార్డ్స్’ రూపమును ధరించెను. మద్రాసు రాజధానిలో 1804 నాటి ఐదవ రెగ్యులేషను ద్వారా అది ఏర్పడెను. మైనరు జమీందారుల సంస్థానములను ప్రభుత్వమే నిర్వహించుచు వచ్చెను. శిస్తు సక్రమముగా రావలెనను స్వార్థము అందులో లేకపోలేదు. అయినను కొందరి విషయమున మేలు కలిగినది. 1885లో జన్మించిన పిఠాపురాధీశుడు శ్రీ రావు వేంకట కుమార మహీపతి సూర్యారావుగారు పసితనముననే తండ్రిని కోల్పోయిరి. సంస్థానము కోర్ట్ ఆఫ్ వార్డ్స్ క్రిందికి పోయినది. వారు మద్రాసులోని న్యూయింగ్టన్ విద్యాలయమున చదివిరి. అట్లు పెరిగిన ఆ ప్రభువే పిమ్మట సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పోషకులై తెలుగుభాషకు మహోపకారము చేసిరి.

న్యాయస్థానములలో కూడ సంరక్షకుని అధికారమునకు హద్దు ఏర్పడెను. 1856లో లండనులోని ప్రివీ కౌన్సిలు హనుమాన్ ప్రసాద్ పాండే వ్యాజ్యమున ఒక సూత్రమును స్థాపించెను. శిశువారసుని ఆస్తిని నిర్వహించువాని అధికారము పరిమితమైనది. అవసరమునకు గాని, ఆస్తి శ్రేయస్సుకు గాని తప్ప దానిని తాకట్టు పెట్టరాదు. 1875లో అదే ప్రివీ కౌన్సిలు ప్రసన్నకుమారీ దేవి వ్యాజ్యమున దేవాలయ సేవాయతు అధికారమును శిశువారసుని ఆస్తి నిర్వాహకుని అధికారముతో పోల్చినది. కౌటిల్యుడు ఒక్క సూత్రమున పక్కపక్కన నిలిపిన బాలుడును దేవుడును, రెండువేల ఏండ్లకు పైగా గడచిన పిమ్మట ఆంగ్లన్యాయమూర్తుల తీర్పులలో మరల పక్కపక్కన నిలిచిరి. నేటికిని న్యాయవాదులు దేవుని ‘నిత్యమైనరు’ అని వ్యవహరించుట మనము వినుచున్నాము.

ఆ 1875లోనే ఇండియన్ మెజారిటీ చట్టము వచ్చినది. అప్పటివరకు ఒక్కొక్క మతమునకు, ఒక్కొక్క ప్రాంతమునకు ఒక్కొక్క వయస్సు. ఆ గందరగోళమును తొలగించి, బాల్యావధిని పొడిగించుట తన ఉద్దేశమని ఆ చట్టము పీఠికలోనే చెప్పుకొన్నది. సామాన్యులకు పదునెనిమిది నిండినచో మేజరు. కాని పదునెనిమిది నిండకముందే న్యాయస్థానము సంరక్షకుని నియమించియున్నను, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ఆస్తిని స్వీకరించియున్నను ఇరువదియొక్క ఏండ్లు నిండవలెను. ఒకసారి అట్లు నియామకము జరిగిన పిమ్మట సంరక్షకుడు మరణించినను, తొలగింపబడినను ఆ గడువు తగ్గదని న్యాయస్థానములు నిర్ణయించినవి.

ఇచట కాలచక్రము ఎట్లు తలక్రిందులైనదో చూడుడు. తల్లిదండ్రులు లేనివాడు ముందుగా స్వతంత్రుడని నారదుడు చెప్పినాడు. 1875 చట్టము ప్రకారము న్యాయస్థానము నియమించిన సంరక్షకుని చేతిలో ఉన్నవాడు అందరికంటె మూడేండ్లు ఆలస్యముగా స్వతంత్రుడగును. ఉద్దేశము రక్షణమే; ఇంగ్లాండులో ఆనాడు అందరికిని మెజారిటీ ఇరువదియొక్క ఏండ్లకే. కాని ఫలితము వేరైనది. తండ్రి ఉన్న బాలుడు పదునెనిమిదికి మేజరు. తండ్రి లేక, న్యాయస్థానమునాశ్రయించిన బాలుడు ఇరువదియొకటికి మేజరు.

అయితే ఆ చట్టమే వివాహము, దత్తత, మతము, మతాచారములను తన పరిధి నుండి మినహాయించెను. కనుక ధనవిషయమున మైనరైనవాడు కర్మవిషయమున కర్తగా ఉండుటకు అడ్డు లేకుండెను.

నా జీవితమున ఆ మూడేండ్లు

ఈ విషయము నాకు గ్రంథపఠనము వలన మాత్రమే తెలిసినది కాదు. నాకు పదునొకండవ ఏట, 1981లో, తండ్రిగారు పరమపదించిరి. తల్లి అంతకు పూర్వమే గతించినది. శ్మశానమున నిప్పు పెట్టినది నేను, పదవనాడు ధర్మోదకము వదిలినది నేను. కర్మకు సంబంధించినంత వరకు ఆనాడే గృహమునకు పెద్దనైతిని. నాన్నగారు స్వార్జితముగా కొన్న ఎకరంన్నర మాగాణికి నేనును, నాకంటె ఏడాది చిన్నదియైన చెల్లెలును వారసులము. మా మేనమామగారిని న్యాయస్థానము సంరక్షకునిగా నియమించెను. ఆయన నన్ను వేదపాఠశాలకు పంపి, చెల్లెలిని తన ఇంట పెంచిరి.

1989 నాటికి నాకు పందొమ్మిది. అధ్యయనము క్రమాంతము వరకు ముగిసినది. శాస్త్రదృష్టిలో వయస్సు చేతను, విద్య చేతను ప్రాప్తవ్యవహారుడనే. ఆ ఏడే ఓటుహక్కు వయస్సు ఇరువదియొకటి నుండి పదునెనిమిదికి తగ్గినది. నవంబరు ఎన్నికలలో నేను ఓటు వేసితిని. దేశపాలకులను ఎన్నుకొనుటకు అర్హుడను. తండ్రి మిగిల్చిన పొలమున అర ఎకరము అమ్ముటకు అర్హుడను కాను!

ఆ అర ఎకరము అమ్మవలసిన అవసరము చెల్లెలి వివాహమునకు వచ్చినది. పెండ్లికుమార్తెగా పీటలపై కూర్చుండుటకు ఆమెకు వయస్సు చాలును. తన పెండ్లి ఖర్చు కొరకు తన భాగమును విక్రయపత్రముపై సంతకము చేసి అమ్ముటకు చాలదు. మామయ్య న్యాయస్థానమున అనుమతి కోరిరి. కార్యాలయమున కాగితము ఒక బల్ల నుండి మరియొక బల్లకు తిరుగుచు పదునొకండు మాసములు గడచెను. ఒక మాఘమాసపు ముహూర్తము దాటిపోయెను. వరుని వారు సజ్జనులగుటచే వేచిరి. వేరొకరైనచో ఆ సంబంధము తప్పియుండెడిది.

ఆనాడు నా కోపమంతయు మామయ్యపై పడెను. “చేతిలో పెట్టుకొని ఇవ్వడం లేదు” అని ఇతరుల వద్ద అనుచుంటిని. ఆయన చెవిని పడినది. ఒక్క మాటయు అనలేదు. కాని నాకు పదునారేండ్లు నిండిన ఉగాది నుండి ఆయన ఏమి చేయుచుండిరో నేను అప్పటికి గ్రహింపలేదు. ప్రతి ఉగాదికి పంచాంగశ్రవణము ముగిసిన పిమ్మట నన్ను పక్కన కూర్చుండబెట్టుకొని ఆ ఏటి పంట, కౌలు, శిస్తు, మా చదువుల ఖర్చు చదివి వినిపించెడివారు. పదునేడవ ఏట నుండి ఆ పద్దులు నాచేతనే వ్రాయించిరి. పదునెనిమిదవ ఏట కౌలుదారుతో మాటలాడుటకు నన్నే పంపిరి. రాజశాసనము ఇవ్వనిదానిని ఆయన ఏటేట కొంచెము కొంచెముగా ఇచ్చుచుండిరి. నేను సంతకము కొరకు కోపించితిని. ఆయన సామర్థ్యమును నా చేతిలో పెట్టుచుండిరి.

1991లో ఇరువదియొకటి నిండినపుడు న్యాయస్థానమున లెక్కలు సమర్పించి విముక్తి పొందిరి. ఇంటికి వచ్చి ఆ పద్దుపుస్తకమును పూజామందిరమున ఉంచి, “ఇక ఇది నీది. నా మీద అనుమానం ఉంటే ఇప్పుడే అడుగు, నేను పోయాక అడగకు” అనిరి. నేను ఆయన పాదములపై పడితిని. ఈనాటికిని దేవాలయపు జమాఖర్చులు వ్రాయునప్పుడు ఆయన దస్తూరియే నా కన్నుల ముందు మెదలును.

నేటి శాసనస్థితి

1956లో వచ్చిన హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టము పదునెనిమిది నిండనివానిని మైనరనియు, బాలుని శ్రేయస్సే సర్వోపరి అనియు చెప్పినది. తండ్రి, తల్లి మొదలగు సహజసంరక్షకులు కూడ న్యాయస్థానము అనుమతి లేక మైనరు స్థిరాస్తిని అమ్మరాదని విధించినది. కాని 1875 చట్టములోని ఇరువదియొక్క ఏండ్ల నియమము మాత్రము పుస్తకములలో అట్లే మిగిలెను. 1999లో పార్లమెంటు దానిని తొలగించినది. నూటయిరువదినాలుగేండ్ల పిమ్మట, సంరక్షకుని చేతిలో ఉన్న బిడ్డకును, తండ్రి చేతిలో ఉన్న బిడ్డకును వయస్సు ఒక్కటే అయినది. బాలికకును బాలునకును కూడ ఒక్కటే.

కొన్ని పాశ్చాత్యదేశములలో మరియొక మార్గమున్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున పదునాలుగేండ్లు నిండిన బాలుడు, తల్లిదండ్రుల లేదా సంరక్షకుని అంగీకారముతో వేరుగా నివసించుచు, తన ధనమును తానే నిర్వహించుకొనుచున్నచో, తన్ను విముక్తునిగా ప్రకటింపుమని న్యాయస్థానమును కోరవచ్చును. దీనిని వారు ‘ఇమాన్సిపేషన్’ అందురు. ప్రాచీన రోమకుల న్యాయమున తండ్రి అధికారము నుండి పుత్రుని విడిపించు విధికి పేరు అది. ‘చేతి పట్టు నుండి విడుచుట’ అని దాని ధాత్వర్థము. మన దేశమున అట్టి ముందస్తు విముక్తి లేదు. అయితే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము బాలునకు నోరు ఇచ్చినది. వివేకముతో అభిప్రాయము చెప్పగల వయస్సు వచ్చినచో సంరక్షకుని నియమించునపుడు వాని ఇష్టమును న్యాయమూర్తి పరిగణింపవచ్చును. కర్తవ్యము తప్పిన సంరక్షకుని తొలగింపవచ్చును, లెక్క అడుగవచ్చును.

తెలిసికొనవలసిన విషయము మరియొకటి. న్యాయస్థానము నియమింపని పినతండ్రి గాని, మేనమామ గాని, ఎంత ప్రేమతో పెంచినవారైనను, కేవలము ఆ కారణముచే మైనరు ఆస్తిని అమ్ముటకు గాని, తాకట్టు పెట్టుటకు గాని అధికారము లేదు. సంరక్షకుడు అక్రమముగా ఆస్తిని పరాధీనము చేసినచో, మేజరైన నాటి నుండి మూడేండ్లలోగా ఆ బిడ్డ దానిని రద్దు చేయుమని దావా వేయవచ్చును.

2015 నాటి బాలన్యాయచట్టమున మరియొక శుభలక్షణము కనబడుచున్నది. బాలసంరక్షణాలయమున పెరిగి పదునెనిమిదికి బయటికి వచ్చినవారికి ఇరువదియొకటి వరకు చేయూత ఇవ్వవలెనని అది చెప్పుచున్నది. ఆ ఇరువదియొకటి మరల వచ్చినది చూడుడు! కాని ఈసారి అది సంకెల కాదు, ఊతకర్ర. స్వాతంత్ర్యమును ఆపక, స్వాతంత్ర్యములో తోడు నిలుచుట. మామయ్య ఏ శాసనము చెప్పకయే చేసినది ఇదియే.

బాలునకు చెప్పిన మాట

ఆదివారము ఆ బాలుడు వచ్చెను. నేను వానితో ఇట్లంటిని: “నాయనా, శాస్త్రం పదహారు అంది నిజమే. ఈనాటి రాజు పద్ధెనిమిది అన్నాడు. వ్యవహారంలో రాజశాసనమే ప్రమాణం. ఇంకొక ఏడాది ఆగు. కానీ ఊరికే ఆగవద్దు. ఈ ఏడాది లెక్క నేర్చుకో. పొలం గట్టు మీద నడువు. సర్వే నంబరు తెలుసుకో. మీ చిన్నాన్నగారిని దండం పెట్టి అడుగు, లెక్క చూపించమని.”

“అడిగితే అనుమానించానంటారు, గురువుగారూ.”

“నేను మాట్లాడతాను” అంటిని.

పినతండ్రిని కలిసితిని. తొలుత ఆయన నొచ్చుకొనెను. “కన్నబిడ్డలా పెంచాను పంతులుగారూ. ఇప్పుడు లెక్కలా?” అనెను. “అయ్యా, మీరు పెంచలేదని ఎవరన్నారు? ఆలయంలో హుండీ విప్పినప్పుడు పది మంది ముందు లెక్కపెడతాం. అంటే మా మీద దేవుడికి నమ్మకం లేదనా? లెక్క చూపితే మీ చేయి తేలిక అవుతుంది. రేపు వాడు పెద్దవాడయ్యాక ఎవరో వచ్చి చెవిలో ఏదో ఊదినా వాడు నమ్మడు” అంటిని. ఆయన చాలసేపు మౌనముగా ఉండి, “ఉగాదికి కూర్చుంటాం” అనెను.

ఈ వ్యాసమును చదువు గృహస్థులలో అన్న బిడ్డలను, అక్క బిడ్డలను పెంచుచున్నవారు కొందరుందురు. వారికి నా విన్నపము ఒక్కటే. పోషణము పుణ్యమే, కాని అది సగము. మిగిలిన సగము అప్పగింత. పదునెనిమిదవ పుట్టినరోజున ఒక్కసారిగా తాళముచెవులు విసిరివేయుట అప్పగింత కాదు. పదునారవ ఏట నుండియే లెక్క చూపి, పద్దు వ్రాయించి, పొరపాటు చేసినపుడు పక్కన నిలిచి, గడువు నాటికి ఆ బిడ్డకు మీ అవసరము లేకుండునట్లు చేయుటయే అప్పగింత.

సంరక్షకుని చేతిలో పెరుగుచున్న బిడ్డలకు కూడ ఒక మాట. లెక్క అడుగుట కృతఘ్నత కాదు. అయితే అడుగు స్వరమున కృతజ్ఞత ఉండవలెను. నేను మామయ్యను గూర్చి ఇతరుల వద్ద పలికిన మాటలు నేటికిని నన్ను దహించుచున్నవి. ఆయన లేరు, క్షమాపణము చెప్పుటకు ఉగాదినాటి తర్పణము తప్ప వేరు మార్గము నాకు మిగులలేదు.

నిత్యబాలుడు భగవంతుడొక్కడే. ఆయన ధనమును కాపాడు భారము మాకు తరతరములకు తీరదు. తక్కిన బాలులందరును ఒకనాడు పెద్దవారగుదురు. ఆ దినమునకై వారిని సిద్ధము చేసి, ఆ దినము రాగానే చేయి సడలించువాడే నిజమైన సంరక్షకుడు.

శుభం భూయాత్.